రాజు, పది

“ఈ సీసా మూత ఇంతలా బిగించిందెవరు?” నాడీన్ దోసకాయ ఊరగాయ సీసాని బల్ల మీద ఠక్కున పెట్టింది.

“సరిగ్గా బిగించమని నిన్న గోల పెట్టింది నువ్వేగా?” అన్నాడు లీలండ్.

“బిగించమన్నాను. సమాధి కట్టమనలేదు.”

అతను మూత తీసిచ్చి టోపీ అందుకున్నాడు.

“మళ్ళీ అక్కడికేనా? రేపు భోజనానికి అన్నయ్య వస్తున్నాడు. కొట్లో చేరతావో లేదో తేల్చి చెప్పాలి.”

“చెప్తాలే.”

గనిలో పని పోయాక ఎల్కో ఊళ్ళో లీలండ్‌కి మిగిలిన దారులు రెండే. నాడీన్ అన్న వెర్నన్ కొట్లో గుర్రాల దాణా బస్తాలు మోయడం. లేదా, పోకర్ ఆడి బతకగలనని నిరూపించుకోవడం.

మధ్యాహ్నం పేకాట గదిలో అతనికి రాజు, పది వచ్చాయి.

మరీ మంచి ముక్కలు కావు. పారేయబుద్ధీ కాదు.

పందెం పెంచాడు. జడిసి ఒక్కొక్కరూ తప్పుకుంటారనుకున్నాడు.

“చూద్దాం,” అంటూ పందెం బిళ్ళలు ముందుకి తోసింది డాటీ బామ్మ. ఆమె దేనికైనా చూద్దామనే అంటుంది.

“ఇంటికెళ్ళి ఉద్ధరించేదేముంది?” అంటూ లారీ డ్రైవరూ పందెం వేశాడు. మిగతావాళ్ళూ వేశారు.

ముక్కలు పారేసింది హాలిస్ ఒక్కడే. ఎదురుగా పొద్దస్తమానం కూర్చుని, మాటా పలుకూ లేకుండా ముక్కలు పారేసే ముసలాయన.

అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే ముక్కల్లో రాజు పడింది. లీలండ్ మళ్ళీ పెంచాడు. డాటీ మళ్ళీ చూద్దామంది.

చివరికి ఆమె తన ముక్కలు తిప్పింది. రాజు, రాణి.

“నీ పది కన్నా నా రాణి పెద్దదే కదూ, బాబూ?” అంటూ బిళ్ళలన్నీ దగ్గరికి లాక్కుంది.

ముక్కలు కలుపుతుండగా హాలిస్ ముందుకి వంగాడు.

“అబ్బాయ్, అలాంటి ముక్కలతో వీళ్ళ మీద పెంచకు. వీళ్ళు జడవరు. సరదాకి అందరూ వస్తారు. అందులో ఎవరో ఒకరికి నీకన్నా మంచివి ఉంటాయి.”

“నిన్నడిగానా తాతా?”

“అడగలేదు. అడగనిది ఇంకోటి కూడా చెప్తున్నా. లేచి ఇంటికెళ్ళు. మళ్ళీ ఇటు రాకు.”

“అమ్మో, ఈయనకి నోరుందే!” అంది డాటీ. బల్లంతా నవ్వింది.

లీలండ్‌కి చెవులు వేడెక్కాయి. “నా సంగతి నీకెందుకు? నీ కుర్చీ నువ్వు చూసుకో.”

డాటీ వెనక నిలబడ్డ మేనేజరు అంతా విన్నాడు. హాలిస్ వైపే చూశాడు.

లేవాలని లీలండ్‌కీ ఉంది. లేస్తే దాణా బస్తాలు, వెర్నన్ నవ్వు. కూర్చుంటే ఈ బల్ల. కూర్చునే ఆడాడు.

సాయంత్రానికి జేబు ఖాళీ అయింది.

మర్నాడు, ఇంట్లో ఉన్న కాస్తా తీసుకుని మళ్ళీ వెళ్ళాడు.

ఎదురు కుర్చీలో ఎవరూ లేరు.

“ఏం, ముసలాయన పారిపోయాడా?” అన్నాడు.

ఈసారి డాటీ నవ్వలేదు.

మేనేజరు అతన్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. లీలండ్ విన్నాడు. ముక్కలు ముట్టకుండానే బయటికి నడిచాడు.

రాత్రి భోజనాల దగ్గర వెర్నన్ చిక్కుడు గింజలు వడ్డించుకుంటూ అడిగాడు. “ఏం బావా, ఏమంటావు?”

“సోమవారం నుంచి కొట్టుకి వస్తాను.”

నాడీన్ చేతిలో గరిటె ఆగింది. “మరి ఆట?”

“మానేశాను. అక్కడా ఒక ఉద్యోగం నిన్ననే ఖాళీ అయిందట, నన్ను చేరమన్నారు. గంటకింతని జీతం.”

“ఏం పని?”

“కూర్చోవడం. బల్ల నిండుగా కనిపించాలిగా. మనుషులు పలచబడితే ఆట ఆగిపోతుంది. వచ్చినవాళ్ళు లేవకుండా ఉండాలంటే ఒకడు రోజంతా కూర్చోవాలి.”

“కూర్చుంటే జీతమా!” వెర్నన్ పకపకా నవ్వాడు. “ఇన్నాళ్ళూ ఆ జీతం తిన్న అదృష్టవంతుడెవరు?”

లీలండ్ ఊరగాయ సీసాకి మూత పెట్టాడు, ఈసారి వదులుగా.

“నన్ను లేచి ఇంటికెళ్ళమన్నాయన.”