టిక్కు పెట్టిన కాగితం

తెల్లటోపీ ముసలాయన పొద్దుటి నుంచీ పోలింగు జరుగుతున్న స్కూలు గేటు దగ్గర మన తెలుగువాళ్లనే ఆపి ఏదో చెబుతున్నాడు.

జోజయ్యకి ఒళ్లు మండింది.

గేటు పక్కన చెట్టు నీడలో జోజయ్య బల్ల. దాని మీద తెలుగు కరపత్రాల కట్ట, కొడుకు బెన్‌హర్ ఫొటో. ఫొటో కింద ‘మా అన్నయ్యకి న్యాయం కావాలి’ అని కూతురు క్లారా ఇంగ్లీషులో రాసి అంటించింది.

బెన్‌హర్ పోయి మూడేళ్లు. ఇక్కడ పెర్త్‌లోనే ఒక గోడౌన్‌లో పనిచేస్తూ పై అంతస్తు నుంచి పడిపోయాడు. వాడే కాలు జారాడని కంపెనీ చెప్పింది. జోజయ్య, భార్య అమృతం కొడుకుని సొంతూరు రాజోలు తీసుకెళ్లి భూస్థాపన చేసి వచ్చేసరికి ఇక్కడ విచారణ ముగిసిపోయింది. అంచున ఉండాల్సిన రెయిలింగు ఊడిపోయి వారమైందని తోటి పనివాడొకడు చెప్పాడట. ఆ ఒక్కడి మాట ఎవరికి పట్టింది?

ఆ ఫైలు మళ్లీ తెరిపించగలిగినవాడు రాష్ట్రంలో ఒక్కడే, అటార్నీ జనరల్. ఇక్కడ ఆయన ఎన్నికల్లో గెలిచి వచ్చే మంత్రి.

పాతాయన రాజకీయాలు చాలించుకున్నాడు. ఖాళీ అయిన ఆయన సీటుకి రెండు పెద్ద పార్టీలూ చెరొక లాయర్ని నిలబెట్టాయి. తమవాడు గెలిస్తే అతడే కొత్త అటార్నీ జనరల్ అని రెండూ చాటుకున్నాయి. ఒకాయన పాత ఫైళ్ల జోలికి పోనన్నాడు. వెల్బీ అనే రెండో ఆయన చర్చి హాల్లో బిర్యానీ తిని, అమృతం చేతులు పట్టుకుని, “నేను మొదట తెరిచేది మీ అబ్బాయి ఫైలే” అన్నాడు.

అంతే, జోజయ్య కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. కంప్యూటర్ల వై టూ కే పనికి వచ్చి, ఆ భయం తీరాక ఇక్కడే పౌరసత్వం తీసుకున్న కుర్రాళ్ల ఇళ్లన్నీ తిరిగాడు. అందరికీ ఈ దేశంలో ఇదే మొదటి ఓటు. జోజయ్యకీ ఇదే మొదటిది. అందుకే కరపత్రం తానే తెలుగులో వేయించాడు. వెల్బీ ఫొటో, పేరు, పక్క గడిలో పెద్ద టిక్కు. ‘ఇలా ఒక్కటి పెట్టండి చాలు. తక్కిన పేర్లు ముట్టుకోవద్దు.’

పార్టీ ఆఫీసులో చూపిస్తే వెల్బీ ఫొటో బాగా పడిందని మెచ్చుకున్నారు. కింద ఏం రాశావని అడిగే ఓపిక ఒక్కరికీ లేకపోయింది.

“అంకుల్, ఈయన మీ పేపర్ తప్పంటున్నాడు” అంది ఓటుకి వచ్చిన జ్ఞానప్రసూన.

“ఏంటంట తప్పు?”

“టిక్ పెట్టకూడదంట. ఆరుగురు క్యాండిడేట్స్‌కీ మనకిష్టమైన వరసలో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వెయ్యాలంట.”

“అంటే ఆ అవతలి పార్టీ లాయరుకి కూడా వెయ్యమనేగా. ఈయన్నెవరు పంపారో తెలీట్లా? నే చెప్పినట్టు వేసి రామ్మా.”

ముసలాయన బల్ల దగ్గరికి వచ్చాడు. ఫొటో చూసి టోపీ తీశాడు.

“మీ అబ్బాయి...” అన్నాడు.

“మా అబ్బాయి మాటెత్తకు” అన్నాడు జోజయ్య ఇంగ్లీషులో. “కోట్లమంది ఓటేసే దేశం నుంచి వచ్చాం. ఓటెయ్యడం నువ్వు మాకు నేర్పుతావా?”

“ఒక్క నిమిషం విను, మేట్.”

జోజయ్య వినలేదు. సరాసరి ఎన్నికల అధికారి దగ్గరికెళ్లి కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాడు. పేరు తెలియని ఒక ముసలివాడు మావాళ్లని బెదరగొట్టి తప్పుదారి పట్టిస్తున్నాడని రాశాడు. అధికారి వచ్చి ముసలాయన్ని రోడ్డు అవతలికి పొమ్మన్నాడు.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. కానీ ఇంటికి పోలేదు. ఇక్కడ మండువేసవి అయిన ఆ ఫిబ్రవరి ఎండలో సాయంత్రం దాకా అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి తెలుగు మొహానికీ వేళ్లు చూపించాడు. ఒకటి, రెండు, మూడు... ఆరు.

మనవాళ్లు నవ్వుకుంటూ లోపలికి వెళ్లి టిక్కు పెట్టి వచ్చారు.

వారం రోజులు లెక్కపెట్టాక వెల్బీ నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు. ఆ స్కూల్లోనే నూట పన్నెండు ఓట్లు చెల్లలేదు. అన్నిటి మీదా ఒకే ఒక్క టిక్కు.

“ఎక్కడి దిక్కుమాలిన రూలిది?” అని జోజయ్య ఇల్లంతా తిరిగాడు. “బొట్టు పెట్టి మరీ చెప్పాలి కదా మనిషికి.”

“బ్యాలెట్ మీద రాసే ఉంటుంది నాన్నా” అంది క్లారా.

“మరి నువ్వు చెప్పొద్దూ?”

“యూ నెవర్ ఆస్క్‌డ్ మీ.”

వెల్బీకి ఫోన్ చేశాడు. తీయలేదు. పదిసార్లు చేశాడు. బిర్యానీ తిన్న మనిషి ఒక్కసారి ఫోన్ తీసి అయ్యో అంటే ఏం పోయింది?

నెల తర్వాత ఎన్నికల ఆఫీసు నుంచి జోజయ్య ఫిర్యాదుకి జవాబు వచ్చింది. క్లారా చదివి చెప్పింది.

“ఆయన ఏ పార్టీ మనిషీ కాదంట నాన్నా. మీ ఓట్లు వేస్ట్ అయిపోతాయని చెప్పబోయాడంట. వెల్బీ గెలిచి ఆ ఫైలు ఓపెన్ చెయ్యాలని ఆయనకీ ఉందంట.”

“ఏ ఫైలు? ఎవరంట ఆయన?”

“డెస్మండ్ కీలీ.”

జోజయ్య కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

అమృతం బీరువా తీసి బెన్‌హర్ ఫైలు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

చివరి పేజీలో, రెయిలింగు ఊడి వారమైందని చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న ఆ ఒక్క సాక్షి సంతకం కింద ఆ పేరే ఉంది.