జమేదార్ చదివిన నవలలు

“ఈ దయ్యం కథ నాకు నచ్చలే,” అంటూ జమేదార్ సారయ్య పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. “మీ దుకాణం ముద్రే కదా గిది?”

హుస్నాబీ పుస్తకాన్ని తిప్పి చూసి గుర్తుపట్టింది. ఆ నవల ఆమె ఈయనకు ఇవ్వలేదు. కాలేజీ పిల్లవాడు రాజేంద్రప్రసాద్ కిరాయికి తీసుకుపోయాడు. అంటే పోలీసులు వాడి గదిని సోదా చేశారన్నమాట.

ఆ రాజేంద్రప్రసాద్ ఇప్పుడు ఆమె వెనకే, పరదా అవతలి గదిలో, పాత నవలల కట్టల చాటున ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

అది అరవై తొమ్మిది ఎండాకాలం. సిద్దిపేటలో బడులూ కాలేజీలూ మూతపడ్డాయి. జై తెలంగాణ ఊరేగింపు మీద లాఠీలు లేచిన రోజు, తల నుంచి నెత్తురు కారుతుండగా వాడు దుకాణంలోకి ఉరికొచ్చాడు. “చిన్నమ్మా, దాచిపెట్టు” అన్నాడు. మొగుడు ఇబ్రహీం పోయాక ఆ కిరాయి పుస్తకాల మీదే బతుకుతున్న ఒంటరి మనిషి ఆమె. ముందువెనకలు చూడకుండా పరదా ఎత్తింది. వాడి మీద కేసు కట్టారని తర్వాత తెలిసింది. పట్నంలో కాల్పుల్లో చదువుకునే పిల్లలు పోతున్నారని వింటూ, వాణ్ని బయటికి పంపడానికి మనసొప్పలేదు.

“ముద్ర మాదే, సాబ్,” అంది. “కథ ఎందుకు నచ్చలే?”

సారయ్య బందోబస్తు కోసం జోగిపేట నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్. మీసం నెరిసింది, మాట నెమ్మది. స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

“దయ్యం కిటికీల నుంచి దుంకిందట, దీపం ఆరిందట. రాసినాయనకు భయమంటే ఏందో తెల్వది.”

“మరి ఎట్ల రాయాలె?”

“కంచంల అన్నం పెట్టుకొని కూసుంటరు. తినెటోడు రాడు. తలుపు సప్పుడైతది. లేచి చూస్తె గాలి. గట్ల రాసిండంటే నాకు గుండె ఆగుతది.”

చెబుతూ ఆయన పరదా వైపు చూశాడు. ఇక అయిపోయిందనుకుంది హుస్నాబీ. ఆయన మాత్రం ఒక ప్రేమ నవల అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

“జమేదార్ నా గురించి అడిగిండా?” అన్నాడు లోపల పిల్లవాడు. ముఖం పాలిపోయి ఉంది.

“లేదు బేటా. కథల ముచ్చట్లే చెప్పిండు.”

“గట్ల తియ్యగ మాట్లాడెటోళ్లతోనే భయం, చిన్నమ్మా.”

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే సారయ్య మళ్లీ వచ్చాడు. ప్రేమ నవల ఎలా ఉందని అడగక తప్పలేదు ఆమెకు.

“వెన్నెల్ల తిరుగుతరు, ఏడుస్తరు, గంతే. ఒక్కనాడన్న వాళ్లు తిన్నట్టు రాయలే. దెబ్బ తాకితే మందు పెట్టినట్టు రాయలే. మనిషి మీద పాణమున్నోళ్లు ముందుగాల గదే అడుగుతరు కదా, హుస్నాబీ?”

దెబ్బ సంగతి కూడా ఈయనకు తెలిసిపోయింది. ఏమంటే ఏం బయటపడుతుందోనని, “పసుపు పెడితే మానుతయి సాబ్, ఏ దెబ్బలన్న,” అంది తల వంచుకుని. ఆయన మరో దయ్యం నవల తీసుకుని లేచాడు.

దాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు మాత్రం ఆయన కూర్చోలేదు.

“గీ కథల ఒకామె ఇంట్ల మనిషిని దాస్తది. ఉండేది ఒంటిగ. పెరట్ల మాత్రం రెండు కంచాలు ఆరేస్తది. పోలీసాయన అవి చూసి కూడ ఊకుంటడట. అంతా తప్పు. మా ఎస్సై అయితే ముందు గదే చూస్తడు.”

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి హుస్నాబీ పెరట్లోకి ఉరికింది. గోడకు ఆనించి రెండు సత్తు కంచాలు ఎండలో మెరుస్తున్నాయి. ఒకదాన్ని తీసి మంచం కింద పెట్టెలో పడేసింది. ఎప్పటి నుంచి చూస్తున్నాడో. అంతా తెలిసి కూడా పట్టుకోకుండా, పిల్లి ఎలుకతో ఆడుకున్నట్టు ఎందుకు ఆడుకుంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

తెల్లవారి దుకాణం ముందు జీపు ఆగింది. ఎస్సై దిగాడు, వెనక కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య సారయ్య.

“ఇంట్లో ఎవరెవరు ఉంటారు?” అన్నాడు ఎస్సై.

“నేనొక్కదాన్నే, సార్.”

ఆయన సరాసరి పెరట్లోకి నడిచాడు. గోడ దగ్గర ఒక్క కంచమే ఉంది. వెనక్కి వచ్చి పరదా వైపు వేలు చూపించాడు. “ఆ గది చూడండి.”

కానిస్టేబుళ్లు కదలబోతుంటే సారయ్య అడ్డం వచ్చాడు. “నేను చూస్త సార్. గీ పుస్తకాల జాగ నాకు ఎరికే.”

పరదా లేచి పడింది. లోపల కట్టలు జరిపిన చప్పుడైంది. ఒక కట్ట దబ్బున కింద పడింది. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు. హుస్నాబీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అరుపు ఎప్పుడు వినబడుతుందో, వాణ్ని జుట్టు పట్టి ఎప్పుడు ఈడ్చుకొస్తారో అని చెవులు రిక్కించింది.

సారయ్య ఒక్కడే బయటికి వచ్చాడు, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ.

“అంతా దుమ్ము సార్. ఎలుకలున్నయి, ఇంకేం లేదు.”

ఎస్సై విసుగ్గా జీపెక్కాడు. వెళ్తూ వెళ్తూ సారయ్య ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. జీపు చప్పుడు వినబడనంత దూరం పోయాక ఆమె లోపలికి పరిగెత్తింది. కట్టలన్నీ పక్కకు జరిగి ఉన్నాయి. గది మధ్యలో, ఏ చాటూ లేకుండా, రాజేంద్రప్రసాద్ నేల మీద కూర్చుని ఉన్నాడు.

“నిన్ను చూడలేదా, బేటా?”

“చూసిండు.”

“మరెట్ల ఇడిసిపెట్టిండు?”

వాడు పరదా వైపు చూశాడు.

“ఆయన మా బాపు.”