బట్టలో తప్పు

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టబోతుంటే, సిరిసిల్ల నుంచి వచ్చిన నేతగాడు అంబదాస్ అడ్డంపడి దాని మీద తన భుజం మీది తెల్ల సెల్లా కప్పాడు.

"నా పెండ్లాం రొమ్ము బొమ్మ అది. మిషన్‌కు కండ్లు లేవని తియ్యనిచ్చిన. మీకున్నయి గద సాబ్! గీ బట్టలకెళ్ళి చూడుండ్రి. నేనే నేసిన, పల్సగుంటది."

పక్కనున్న భార్య నర్మద నెత్తి కొట్టుకుంది. వాదించి వాదించి అలసిపోయిన డాక్టరు బట్టలోంచే చూశాడు.

"రొమ్ము క్యాన్సరు జబ్బు కొందరిలో తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. కొందరిలో ఉప్పు చల్లినట్టుంటుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. ఒక్కచోట మాత్రం పోగులన్నీ లోపలికి గుంజుకుపోయినట్టుంది. అదీ జబ్బే కావచ్చు. లేదా నీ బట్టలో తప్పయినా ఉండాలి."

అంబదాస్‌కు రోషం వచ్చింది.

"నా బట్టల తప్పా? ముప్పై ఏండ్ల సంది నేస్తున్న. ఒక్కడు తప్పు వట్టలే!"

సెల్లా సర్రున లాగి వెలుతురుకు పట్టాడు. అంచు నుంచి అంచు దాకా వేలితో తడిమాడు. ఎక్కడా తప్పు లేదు.

"చూస్తిరా!" అన్నాడు గెలిచినట్టు.

డాక్టరు బట్టను చూడటం లేదు. ఉత్త ఫిల్మునే చూస్తున్నాడు. పోగులు అక్కడే గుంజుకుని ఉన్నాయి.

అంబదాస్ సెల్లాను మళ్ళీ ఫిల్ము మీద కప్పాడు.

"జర మల్ల చూడుండ్రి సాబ్. తప్పు నా బట్టలనే ఉంటది. నేనెన్నడు సక్కగ నెయ్యలే."