మూత లేని కమ్మీ

"అయిదో కమ్మీకి పైన మూత ఏదే?"

టీచరు గడుల కాగితం మీద వేలు పెట్టింది. మూడో తరగతి పిల్లలంతా ఇళ్ళకి పరుగెత్తారు. బొంగరం ఒక్కతే మిగిలింది. ఒక్కచోట నిలవదని ఆ పిల్లకి ఆ పేరు. ఇవాళ మాత్రం బల్లకి అతుక్కుపోయింది.

"తొందరగా కానీయండమ్మా," గుమ్మంలోంచి గుమాస్తా అన్నాడు. "నాలుగింటికి ఆఫీసు మూసేస్తా. బదిలీ కాగితం మీద మీ సంతకం ఒక్కటే తక్కువ. వచ్చి నెల తిరక్కుండానే ఇంటి పక్క బడి దొరికింది. రోజూ రెండు బస్సులు మారే బాధ తప్పింది."

"ఉండండి బాబూ. ఈ పిల్లకి బార్ గ్రాఫు వచ్చేదాకా గది దాటను."

పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. 'దేన్నైనా సరే, రోజులు లెక్కపెట్టి గీయండి' అని వారం క్రితమే చెప్పింది. బొంగరం గీసిన అయిదు కమ్మీల వెడల్పూ సమానమే, అడుగుగీతా తిన్నగానే ఉంది. పేర్ల మీద మాత్రం ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇవి కిటికీలో మొక్కలేనా? ఎన్నాళ్ళు బతికాయో గీశావా?"

బొంగరం పేర్ల మీది చెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమింది.

"మూడోది మరీ పొట్టిగా ఉందేం?"

"పదకొండు రోజులే టీచర్. ఎండ పడలేదు."

"కిటికీ మూసేశారా ఏమిటి? నీళ్ళయినా సరిగ్గా పోశారా?"

"రోజూ సీసాతో తెచ్చిచ్చాం."

"రెండోది పొడుగ్గానే ఉందే."

"అరవై రెండు. అప్పుడు అందరం ఏడ్చాం."

టీచరు నవ్వు ఆపుకుంది. "సరే, ఈ చివరిది?"

"రోజుకో గడి పెంచుతున్నా. ఇవాళ్టికి ఇరవై మూడు."

"అయితే అక్కడ అడ్డగీత గీసి మూసెయ్."

"గియ్యను."

"మొండిఘటం! మూయకపోతే ఎన్ని రోజులో ఎలా తెలుస్తుందే?"

"మూస్తే అయిపోతుంది కదా టీచర్."

నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. గుమాస్తా తాళాల గుత్తి గలగలలాడించాడు. సంతకానికని తీసిన పెన్ను టీచరు చేతిలోనే ఉంది.

"ఇటు తే, నేనే గీస్తా. ముందు చెయ్యి తియ్యి, పేర్లు చూడనీ."

బొంగరం మెల్లగా చెయ్యి తీసింది.

మొదటి నాలుగు కమ్మీల కింద వెళ్ళిపోయిన టీచర్ల పేర్లు. అయిదోదాని కింద, 'మీరు'.