గంగారత్నం డబుల్ ప్రమోషన్

ఏలూరులో ఓ బాలికల బడి హెడ్మాస్టరు నరసింహరాజు గారికి డబుల్ ప్రమోషన్ అన్న మాట వింటేనే ఒళ్ళు మంట.

లెక్కల మాస్టారు వరదానం మాత్రం పట్టు వదల్లేదు. "ఫస్టు ఫారంలో గంగారత్నానికి చెప్పడానికి నా దగ్గరేం మిగల్లేదండి. థర్డు ఫారం లెక్కలు నోటితో చేసేస్తోందండి."

పైగా వ్యవధి లేదు. బాల్యవివాహాలు ఆపే శారదా చట్టం రాకముందే పిల్లకి హడావిడిగా చేసేసిన పెళ్ళి. కొల్లేటి లంకలో ఉన్న అత్తవారు ఇంకొక్క ఏడాదికే ఒప్పుకున్నారు. ఆ ఏడాదిలో థర్డు ఫారం, అంటే ఎనిమిదో తరగతి, గట్టెక్కితే టీచర్ ట్రైనింగుకి వెళ్ళాలని పిల్ల ఆశ. లేదంటే కాపురమే.

"సరే, పరీక్షిద్దాం," అన్నాడు హెడ్మాస్టరు.

ఆయన పరీక్షకో పద్ధతుంది. లెక్క బోర్డు మీద రాస్తాడు. పిల్ల దాన్ని గట్టిగా చదవాలి. చదివాకే సుద్దముక్క ముట్టుకోవాలి. ఇంకో ముచ్చటా ఉంది. అందరి లెక్కల్లో రాములు, సోములు ఉంటారు. ఈయన లెక్కల్లో ఈయనే ఉంటాడు.

"నరసింహరాజు తాడేపల్లిగూడెంలో బియ్యం బస్తాలు కొని, నూటికి పన్నెండు లాభానికి అమ్మెను..."

గంగారత్నం బోర్డు వైపు చూసింది. నోరు తెరిచింది. మూసేసింది.

"చదువమ్మా."

తల దించుకుంది.

"పోనీ, చదవకుండా చెయ్యనివ్వండి," అన్నాడు వరదానం.

"చదవలేనిది ఏం చేస్తుందండీ?"

హెడ్మాస్టరు లోలోపల మురిసిపోతూ తేలిక లెక్క రాశాడు. నరసింహరాజు కాలువ మీద పడవలో వెళ్ళాడు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఇంకా తేలికది రాశాడు. నరసింహరాజు రెండు కొర్రమీనులు పట్టి, ఒకటి వండుకు తిన్నాడు. పలక పట్టిన ప్రతివాళ్ళూ చెప్పే లెక్క. గంగారత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ పెదవి కదల్లేదు.

వరదానం మొహం మాడిపోయింది.

గెలిచాక హెడ్మాస్టరుకి జాలేసింది. పిల్లను వెంటబెట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డ పిన్ని సూరమ్మను లోపలికి పిలిచాడు.

"చదువు అందరికీ అబ్బదమ్మా. కాపురానికి పంపించేయండి. మీ అల్లుడికి నేనే ఓ ముక్క రాస్తాను, వచ్చి తీసుకెళతాడు. అబ్బాయి పేరేమిటమ్మాయ్?"

గంగారత్నం తల ఇంకా కిందికి దిగింది.

"నా మతి మండా, ఆడపిల్ల మొగుడి పేరెలా చెబుతుంది," అని నవ్వి, కలం సిరాలో ముంచి సూరమ్మ వైపు తిరిగాడు.

"తమరి పేరేనండి," అంది సూరమ్మ.