నాలుగు స్క్రూల వెనక

"సోమవారం మీ బావ ఆ కార్డును పరీక్షకు పంపిస్తున్నాడు. ఈలోగా ఒకసారి వచ్చి వెళ్ళు" అంది ఫోన్లో అక్క లొరెయిన్.

ఎమెట్ చేతిలో కాఫీ చల్లారిపోయింది.

అది 1953లో బబుల్‌గమ్ పొట్లంలో వచ్చిన బేస్‌బాల్ కార్డు. మీద రూడీ కొలాచెక్ బొమ్మ. బావ డ్వేన్ చిన్నతనంలో కొలిచిన ఆటగాడు. ఇరవై ఏడేళ్ళ కిందట ఎమెట్ దాన్ని అతనికిచ్చి, బదులుగా డ్వేన్ తండ్రి సొంత చేతులతో చేసిన చేపల పడవ పుచ్చుకున్నాడు.

ఇచ్చే ముందు ఒక పని చేశాడు. మొద్దుబారిన మూలలు కొత్తవాటిలా కనిపించాలని, నాలుగంచులూ వెంట్రుకవాసి కత్తిరించాడు.

పాత కార్డులు సేకరించేవాళ్ళలో అంతకు మించిన పాపం లేదు. కార్డు నికరమైనదో కాదో తేల్చి మార్కులు వేసే పరీక్షలో అది దాగదు. పోయిన ఏడాది ఇదే పని చేసిన ఒక పెద్దమనిషిని టొలీడో ఊళ్ళోని కార్డుల సేకర్తల సంఘం నుంచి నలుగురి ఎదుటా గెంటించింది సంఘాధ్యక్షుడు ఎమెట్టే. దొంగే దొంగా దొంగా అని అరిచాడు. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకోలేకపోయాడు.

ఆ పడవను ఒక్కసారి కూడా నీళ్ళలోకి దింపలేదు. పెరట్లో బోర్లించి టార్పాలిన్ కప్పేశాడు.

శనివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు. కోటు జేబులో అచ్చం అలాంటి కార్డే ఉంది. మచ్చలేనిది. వెతికి వెతికి సంపాదించాడు. బావ దగ్గరున్నదానిలాగే, పాతకాలపు పద్ధతిలో రెండు మందపాటి ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టి, నాలుగు మూలలా స్క్రూలు బిగించాడు.

"రావయ్యా అధ్యక్షా!" అన్నాడు డ్వేన్. "నీ సరుకును పరీక్షకు కూర్చోబెడుతున్నాం. నీకే చెమటలు పడుతున్నట్టున్నాయే!"

"ఎండగా ఉంది బావా."

"నవంబర్లోనా?"

హాల్లో ఒకప్పుడు పియానో ఉండే చోట చిన్న అల్మారా, దాని మీద ఆ కార్డు. డ్వేన్ అటు చూసి నవ్వాడు. "ఇన్నేళ్ళూ మీ అక్క నన్ను దాని మీద చెయ్యి వెయ్యనిస్తేగా! దుమ్ము కూడా తనే తుడుస్తుంది."

భోజనాలయ్యాక లొరెయిన్ లేచింది. "మీరిద్దరూ మాట్లాడుకోండి. నేను ఓవెన్లో ఆపిల్ పై సంగతి చూసొస్తా. ఒరే ఎమెట్, చెప్పేదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. టీవీలో ఆట మొదలైతే ఈయనకు చెవులు పనిచెయ్యవు."

డ్వేన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మంచి మార్కులొస్తే సంఘంలో అందరికీ చెబుతా, ఇదంతా మా బావమరిది చేతి చలవ అని."

ఎమెట్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"బావా, ఆ కార్డు..."

"ఊఁ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"...భలే ఉంది."

లొరెయిన్ గుమ్మంలోకి వచ్చి ఇద్దరి మొహాలూ చూసింది. "ఆపిల్ పై ఇంకా కాలలేదు. ఇంకో పది నిమిషాలు కూర్చోండి" అని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఆ పది నిమిషాలూ ఎమెట్ వాతావరణం గురించి మాట్లాడాడు. చివరికి విసుగొచ్చి, కార్డు పంపడానికి అట్టపెట్టె వెతుకుతానంటూ డ్వేన్ గ్యారేజీలోకి వెళ్ళాడు.

ఎమెట్ లేచాడు. అల్మారా మీది పలకను కోటు లోపలి జేబులోకి తోశాడు, తను తెచ్చింది అక్కడ పెట్టాడు. దాని వంక చూసే ధైర్యం కూడా లేకపోయింది. అరవై రెండేళ్ళ వయసులో, తోడబుట్టినదాని ఇంట్లో దొంగతనం.

తిన్న ఆపిల్ పై రుచి తెలియలేదు. వెళ్ళేటప్పుడు లొరెయిన్ తలుపు దాకా వచ్చింది.

"అయితే ఇంకేం లేదా చెప్పేది?"

"ఆపిల్ పై బాగుంది అక్కా."

ఆమె తలూపి, అతని కోటు కాలర్ సరిచేసింది.

ఇంటికి రాగానే ఎమెట్ పొయ్యి రాజేశాడు. ఆ పాపం బూడిదైతే తప్ప నిద్ర పట్టదు. పలకను బల్ల మీద పెట్టి స్క్రూడ్రైవర్ తీశాడు. ఇరవై ఏడేళ్ళుగా బిగుసుకుపోయి ఉంటాయనుకున్న స్క్రూలు నిన్న బిగించినంత తేలిగ్గా తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాడు.

పై పలక ఎత్తాడు. కార్డు వెనక నుంచి, మడత పెట్టిన చీటీ ఒకటి జారిపడింది. అక్క దస్తూరీ.

"ఒరే ఎమెట్, నువ్వు కత్తిరించినదాన్ని ఆ ఏడాదే పొయ్యిలో వేసి, నా పియానో అమ్మి ఇది తెచ్చిపెట్టాను, ఈ చీటీ నీ చేతికందిందంటే ఇవాళ కూడా నువ్వు నోరు విప్పలేదన్నమాట."