హీన్‌గల గంట

హీన్‌గల మీద గంటకి అబద్ధం చెప్పినవాడు ప్రాణాలతో కొండ దిగడు. అక్కడివాళ్ల నమ్మకం అది.

ఆ కొండ ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు గంట కొట్టాలి. మొదటిసారైతే ఒకటి, పదోసారైతే పది. పోలీసుల ముందు బొంకేవాళ్లుంటారు, కోర్టులో బొంకేవాళ్లుంటారు. ఆ గంట దగ్గర బొంకినవాణ్ణి మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ నమ్మకంతోనే విమలసేన ఇవాళ అల్లుణ్ణి కొండకి తీసుకొచ్చాడు.

ఏడాది కిందట ఇదే రోజున ఆయన ఒక్కగానొక్క కూతురు సేపాలిక ఈ కొండ అంచు మీంచి పడిపోయింది. ఒక్కతే వెళ్లింది, కాలు జారింది అని పోలీసులు కాగితాలు మూసేశారు. కానీ కింద తేయాకు కోసే ఆడమనిషి ఒకామె మంచులో రెండు గొడుగులు పైకి వెళ్లడం చూసింది. దిగింది మాత్రం ఒకటే. ఆ గొడుగు కింద ఎవరున్నారో ఆమెకి కనిపించలేదు.

"ఆ కొండ నేను జన్మలో ఎక్కలేదు" అన్నాడు అల్లుడు రువన్, స్టేషన్లో. ఆ పూటంతా షెడ్డులో బస్సు ఇంజను విప్పుతూ కూర్చున్నాడట. చూసినవాళ్లు లేరు.

పోవడానికి వారం ముందు సేపాలిక ఫోన్లో ఏడ్చింది. "ఇంట్లో రోజూ గొడవే నాన్నా. బదుల్ల పట్నంలో వేరే ఇల్లు చూసుకున్నాం" అంది. మొగుడూ పెళ్లాలన్నాక గొడవలుండవా అని ఊరుకున్నాడు విమలసేన. అలా ఊరుకున్నందుకు ఏడాదిగా తనని తాను తిట్టుకోని రోజు లేదు.

రువన్ చేతిలో గంట రెండుసార్లు మోగిందా, తర్వాత ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. గంటకీ అంచుకీ మధ్య పది అడుగులు. కంచె ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయింది.

పొద్దున్నే భిక్షువులకి ఏడాది దానం పెట్టారు. "పిల్ల పోయినచోట దీపం పెట్టి వద్దాం, వస్తావా?" అని అడిగితే రువన్ తలూపాడు. పిలవకపోయినా అతని తల్లి పొడిమేణికే కూడా బయల్దేరింది.

"నా కోడలికి దీపం పెట్టడానికి నన్నొదిలేసి వెళ్తారా అన్నయ్యగారూ? అరవై ఏళ్లొచ్చాయి, ఊళ్లో ఉన్న కొండ ఒక్కనాడైనా ఎక్కిన పాపాన పోలేదు. ఈ మోకాళ్లని ఇవాళైనా పుణ్యం కట్టుకోనివ్వండి."

కాలం కాని కాలం. టూరిస్టులంతా రైలు దిగి పేరున్న కొండలకే పోతారు. హీన్‌గల వైపు పిట్ట కూడా రాదు. మబ్బు లేని పూట పైనుంచి చూస్తే దక్షిణాన సముద్రం దాకా కనిపిస్తుంది. ఇవాళ ముందు నడిచేవాడి వీపే సరిగ్గా కనిపించడం లేదు. ఆ వీపు మీంచి చూపు తిప్పకుండా ఎక్కుతున్నాడు విమలసేన.

వెనకాల పొడిమేణికే నోటికి తాళం లేదు. "అమ్మో, ఏం జలగలండీ! పెళ్లికి పిలిచినట్టు వచ్చేస్తున్నాయి" అంటుంది. తమలపాకు నములుతుంది. కోడల్ని తలచుకుని కాసేపు ఏడుస్తుంది.

"ఒరేయ్ రువన్, ఎడం పక్కన నడు. ముందు మెట్టు ఊగుతుంది, జాగ్రత్త" అని వెనకనుంచే కేకేసింది.

విమలసేన కడుపు మండింది. తన బిడ్డకి జాగ్రత్త చెప్పే దిక్కు ఆ రోజు లేకపోయింది కదా!

"మామయ్యా" అన్నాడు రువన్ తిరక్కుండానే. "ఏడాదిగా మీరు నాతో మాట్లాడలేదు. ఇవాళ పిలిచారు. ఎందుకని అడగను."

"అడక్కు. నడు."

పైన గాలి హోరు తప్ప ఏమీ లేదు. అంచు అవతల అంతా తెల్లగా మంచు, లోతు తెలియడం లేదు. విమలసేన తాడు పట్టుకుని తొమ్మిదిసార్లు గంట కొట్టి పక్కకి జరిగాడు.

"ఇక నీ వంతు."

రువన్ తాడు పట్టుకుని ఆగిపోయాడు.

"ఏం, లెక్క మర్చిపోయావా?"

"తీసుకెళ్లమని ఎన్నిసార్లు అడిగిందో మామయ్యా. వచ్చే పౌర్ణమికి అన్నాను, ఆపై పౌర్ణమికి అన్నాను..." తాడు లాగాడు.

గంట మోగింది. అడుగు దూరంలో, చేతులు ముందుకి చాచి, రెండోదాని కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు విమలసేన.

రెండోది మోగలేదు. తాడు వదిలేసి రువన్ మోకాళ్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

విమలసేన చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎంత ఘోరం చెయ్యబోయాడు! పెళ్లాన్ని పోగొట్టుకున్నవాణ్ణి ఏడాదిగా మనసులో రోజూ చంపుతూనే ఉన్నాడు. వంగి అల్లుణ్ణి లేపి గుండెకి హత్తుకున్నాడు.

"నన్ను క్షమించు నాయనా."

"దేనికి మామయ్యా?"

ఆయన అల్లుడి వీపు నిమిరాడు. నిజంగానే పిల్ల కాలు జారింది, గొడుగుల మాట మంచులో ఎవరో పొరబడి అన్నది, అంతే అనుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

"రండి చెల్లెమ్మా, మీరూ కొట్టండి. దీపం పెట్టేసి వెలుతురుండగానే దిగిపోదాం."

పొడిమేణికే కదల్లేదు. "నాకెందుకులెండి అన్నయ్యగారూ. భుజం నొప్పి."

"కొట్టకుండా దిగకూడదమ్మా" అన్నాడు కొడుకు, కళ్లు తుడుచుకుంటూ. "ఎంతసేపు, ఒక్కసారేగా!"

ఆమె దిగాల్సిన మెట్ల వైపు చూసింది. మంచులో మూడో మెట్టు కూడా కనిపించడం లేదు. నోట్లో ఉన్న తమలపాకు ఉమ్మేసి, వచ్చి తాడు పట్టుకుని, కళ్లు మూసుకుంది.

ఒకసారి లాగింది, ఆగింది, తాడు వదలకుండానే రెండోసారి లాగింది.